గ్రాండ్ కాన్యన్‌కి అడ్డంగా మా నాన్న

మొన్న శనివారం గరాజ్ సర్దుతుంటే, మా ఆయన ముచ్చటపడి కొని మూడుసార్లు తొక్కి వదిలేసిన ఎక్సర్‌సైజ్ సైకిల్ వెనకాల, ప్రయాణాల్లో తిండి పెట్టుకునే మా నాన్న ఎర్ర కూలర్ పెట్టె బయటపడింది. మూత తీశాను. నలభై ఏళ్ళలో అమ్మ దాన్ని ఎన్ని సబ్బులతో, ఎంత వంటసోడాతో తోమిందో ఆవిడకే తెలియాలి, అయినా ఆ వాసన చెక్కుచెదరలేదు. ఇంగువ, నిమ్మకాయ, దోసావకాయ, ఉడికిన కోడిగుడ్డు, వీటన్నిటి అడుగున ఎక్కడో తడిసిన ప్లాస్టిక్. పన్నెండేళ్ళ మా అమ్మాయి ముక్కు మూసుకుని "గ్రోస్, అమ్మా!" అంటూ ఇంట్లోకి పారిపోయింది. నేను మాత్రం తల లోపలికి పెట్టి ఇంకోసారి గట్టిగా పీల్చాను. ఇంగువ వాసన వస్తే అందరికీ వంటిల్లు గుర్తొస్తుందేమో, నాకు ఇల్లినాయిస్ రాష్ట్రం గుర్తొస్తుంది.

మీ దేశంలో మీకు నచ్చిన అందమైన చోటు ఏదని అడిగితే నా వయసు తెలుగువాళ్ళు కృష్ణ ఒడ్డనో, అరకు లోయ అనో చెప్పి నిట్టూరుస్తారు. నాకా యోగం లేదు. నేను పుట్టింది మిషిగన్‌లో, పెరిగిందీ అక్కడే, నోవై అనే ఊళ్ళో. నా దేశపు అందాలన్నీ నేను స్టేషన్ వాగన్ వెనక సీటు కిటికీలోంచి, ఒళ్ళో పులిహోర డబ్బా పెట్టుకుని చూసినవే. ఎండాకాలం సాయంత్రాలు తొమ్మిదైనా వెలుతురు తగ్గని సరస్సులూ, వాటి ఒడ్డున మోకాళ్ళదాకా నీళ్ళలో దిగి నున్నటి రాళ్ళ కోసం మేం వెతికిన మధ్యాహ్నాలూ, అక్టోబర్‌లో ఊరంతా ఎరుపూ పసుపూ అయిపోయి ఆపిల్ తోటల్లో రసం తీసే తియ్యటి పుల్లటి వాసన చొక్కాలకి కూడా పట్టేసే రోజులూ, డిసెంబర్‌లో తలుపు తీస్తే మెట్లు కనపడకుండా రాత్రికి రాత్రే నిండిపోయే మంచూ నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉన్నాయి. మా నాన్నకి మాత్రం వీటిలో ఒక్కటీ అందంగా కనపడేది కాదు. కార్ల కంపెనీలో ఇంజనీరు కదా, ఆయన చూపంతా పనిమీదే ఉండేది. పక్కింటివాళ్ళు మేపుల్ చెట్టు కింద నిలబడి ఆహా ఓహో అంటుంటే ఆయన పైకి చూసి "ఇవన్నీ రాలితే ఊడ్చేదెవరు?" అనేవాడు. మంచు పడితే "డ్రైవ్‌వే," అని ఒక్క మాట అని పార కోసం వెళ్ళేవాడు.

అలాగని ఆయనకి టూర్లు ఇష్టం లేదనుకునేరు. మహా ఇష్టం. ఎందుకంటే అక్కడ ఫొటోలు తీయొచ్చు. ఫొటోల విషయంలో ఆయనదొక సిద్ధాంతం ఉంది: మనుషుల్లేని ఫొటో దండగ, అంతకంటే పోస్ట్‌కార్డ్ కొనుక్కుంటే పోయె. అందుకని ఎక్కడికి వెళ్ళినా ముందు ఆయన అంచుదాకా నడిచి, చేతులు రెండూ బార్లా చాపి, ఎవరెవరు ఎక్కడ నిలబడాలో కొలిచి, ఆపైన మమ్మల్ని వరసగా అడ్డం పెట్టి క్లిక్ మనిపించేవాడు. మా ఆల్బమ్‌లో నయాగరా అంటే అమ్మ ఆకుపచ్చ చీరకి అటొక జానెడు ఇటొక జానెడు నురగ. లేక్ మిషిగన్ మొత్తం నాన్న పొట్ట వెనకాల ఉంది.

నాకు పదేళ్ళప్పుడు, ఎనభైల మొదట్లో, ఆగస్టులో మా అమ్మమ్మ ఆరు నెలలు ఉండటానికి వచ్చింది. అమ్మకి అమ్మ. బాపట్ల వైపు ఒక మిషన్ హైస్కూల్లో ముప్పై రెండేళ్ళు జాగ్రఫీ చెప్పి రిటైరైన మనిషి. గోడకి పటం తగిలించి, బెత్తం కొసతో అమెరికా అంతా తిప్పి చూపించేదట, సముద్రం దాటింది మాత్రం అదే మొదటిసారి. ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటికి వచ్చేదారిలోనే పంచ మహా సరస్సుల పేర్లు నాచేత వరసగా చెప్పించింది, నేను ఎరీ దగ్గర తడబడితే "మీ ఇంటి పక్కనే ఉంది గదే, సిగ్గులేదూ!" అంది. ఆవిడ ట్రంకు పెట్టెలో అరిసెల డబ్బా కింద పాత పాఠ్యపుస్తకంలోంచి చింపిన ఒక పేజీ ఉండేది, అందులో అగ్గిపెట్టె అంత నల్లని బొమ్మ. అది గ్రాండ్ కాన్యన్ అని కింద రాసి ఉండబట్టి సరిపోయింది గానీ, చూస్తే మాడిన రొట్టె అనుకుంటాం. "దీన్ని చూపించి ముప్పై రెండు బ్యాచీలకి చెప్పానే," అంది నాతో ఒకరోజు, ఆ కాగితాన్ని అరచేత్తో సాపు చేస్తూ. "ఎవడన్నా లేచి, టీచరుగారూ మీరు చూశారా అని అడుగుతాడేమోనని ఏటా భయమే." ఆవిడ అమెరికాలో చూడాలనుకున్నది ఆ ఒక్కటే. ఎత్తైన భవనాలు వద్దు, షాపులు వద్దు, ఇదొక్కటీ కళ్ళారా చూసి వెళితే చాలు.

ఆ మాట ఆవిడ నాతో అంది, మా అమ్మతో అంది, నెలకోసారి ఎవరో ఒకరి బేస్‌మెంట్‌లో జరిగే మా తెలుగు చర్చిలో ఆంటీలందరితోనూ అంది. అనంది ఒక్క మా నాన్నతో. ఎందుకంటే మా అమ్మమ్మ అల్లుడితో నేరుగా మాట్లాడదు. గొడవలేం లేవు, ఒట్టి మర్యాద. క్లాసులో యాభైమంది మగపిల్లల్ని నోరెత్తనివ్వని మనిషి, అల్లుడుగారు గదిలోకి వస్తే కొంగు సర్దుకుని పక్కకి ఒదిగి నిలబడేది. ఆయనా తక్కువ తినలేదు. అత్తయ్యగారు సోఫాలో ఉంటే తన ఇంట్లో తను కుర్చీ చివర కూర్చునేవాడు. ఏం చెప్పాలన్నా మధ్యలో మనిషి కావాలి. అమ్మ చేయాల్సిన ఉద్యోగమే అది, కానీ కారెక్కితే అమ్మకి వాంతులు. అందుకని మాత్ర వేసుకునేది, ఇండియానాలో నిద్రపోతే మిస్సోరిలో లేచి "వచ్చేశామా?" అనేది. అలా ఆ ఉద్యోగం నాకొచ్చింది. అమ్మమ్మ నా చెవికి చెయ్యి అడ్డం పెట్టి గుసగుసలాడేది, నేను పైకి చెప్పేదాన్ని. నాన్న కారు ముందరి అద్దంతో మాట్లాడుతున్నట్టు జవాబు చెప్పేవాడు, అది అందరికీ వినపడినా సరే, మళ్ళీ నేను అమ్మమ్మకి అప్పజెప్పాలి.

క్రిస్మస్‌కీ కొత్త సంవత్సరానికీ మధ్య నాన్న కంపెనీకి సెలవు. ఆ వారంలో కాన్యన్ చూసి రావాలని అమ్మ తేల్చేసింది. నాన్న గ్రాఫ్ కాగితం మీద గంటగంటకీ ప్లాన్ గీశాడు. ఇరవై ఆరున బయల్దేరాలి, ఇరవై ఎనిమిది సాయంత్రానికి చేరాలి, మర్నాడు చూసేసి తిరుగు ముఖం పట్టాలి, ముప్పై ఒకటి సాయంత్రానికి ఇంట్లో ఉండి తీరాలి. ఎందుకంటే ఆ ఏడు ఏడాది చివరి ప్రార్థన మా ఇంట్లో. దానికోసం ఆయన ఆ శరత్కాలమంతా వీకెండ్లు తిండీ తిప్పలూ మానేసి బేస్‌మెంట్‌ని తన చేతులతో తయారుచేశాడు. గోడలకి చెక్క పలకలు, కింద నారింజ రంగు కార్పెట్, చప్పట్లు కొడితే వెలిగే దీపం. ఆ దీపం చూసి మా చర్చి పన్నెండు కుటుంబాల అంకుల్స్ నోళ్ళు వెళ్ళబెట్టడం ఆయన రోజూ ఊహించుకునేవాడు, ఆ సంగతి మా అందరికీ తెలుసు.

ఇరవై ఆరు పొద్దున ఇంజను వేడెక్కేలోపు అమ్మ ప్రార్థన చేసింది. ఎర్ర కూలర్‌లో పులిహోర, దోసావకాయ, పెరుగన్నం, కోడి వేపుడు, రెండు డజన్ల ఉడికిన గుడ్లు, పండక్కి చేసిన గవ్వలూ కజ్జికాయలూ, చర్చి ఆంటీ ఇచ్చిన ప్లమ్ కేకు. అమ్మమ్మ నీలం పట్టుచీర, దానిమీద అమ్మ పాత కోటు, కాళ్ళకి మేజోళ్ళూ నా పాత మంచు బూట్లూ, చేతిలో గొడుగు. డిసెంబర్‌లో గొడుగెందుకు అంటే "చూపించడానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలి గదే," అంది. మాత్ర వేసుకున్న అమ్మ ఊరు దాటకముందే గుర్రుపెట్టింది.

రోడ్డు మీద మంచు, పక్కనుంచి దూసుకుపోయే లారీలు, వాటి చక్రాల నుంచి మా అద్దం మీద చిమ్మే బురద. నాన్న గ్రాఫ్ కాగితాన్ని స్టీరింగ్‌కి క్లిప్పు పెట్టుకుని వాయించి తోలుతున్నాడు. అమ్మమ్మ తలుపు పిడిని రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, చివరికి నా చెవిలో ఊదింది. "మీ నాన్నని అడుగు, కారు తోలుతున్నారా, లేకపోతే వెనక ఎవరన్నా తరుముకొస్తున్నారా అని. నా ప్రాణాలు అరచేతిలో ఉన్నాయే!"

నాకు భయమేసింది. ఈ మాట ఉన్నదున్నట్టు చెబితే నాన్న చిన్నబుచ్చుకుంటాడు. పైగా అంత పెద్ద వాక్యం నాకు వచ్చిన తెలుగులో పట్టదు కూడా. "నాన్నా," అన్నాను. "అమ్మమ్మ చెప్తుంది, నీ డ్రైవింగ్ చాలా బాగుంది అని."

అమ్మమ్మ కళ్ళు తెరిచి నావైపు చూసింది. నాన్న చెవులు వెనకనుంచి ఎర్రబడటం నాకు కనపడింది. ఆయన నిటారుగా కూర్చున్నాడు, అద్దం సర్దుకున్నాడు, తర్వాత, చెప్పొద్దూ, వేగం తగ్గించాడు. మెచ్చుకున్న మనిషి ముందు జాగ్రత్తగా తోలాలనిపించిందేమో. అమ్మమ్మ తలుపు పిడి వదిలి, నా తొడ మీద ఒకటి గిల్లి, ఒక కజ్జికాయ చేతిలో పెట్టింది.

అలా సాగింది ప్రయాణం. ఇంగువ వాసనకి నాకు ఇల్లినాయిస్ గుర్తొస్తుందని చెప్పానుగా, అది ఆ పులిహోరదే. కోత అయిపోయిన మొక్కజొన్న చేలు ఆకాశం అంచుదాకా, ఆ మోళ్ళ మధ్య సన్నటి మంచు చారలు, ఎక్కడో ఒక ఎర్ర కొట్టాం, దానిపక్క ఒంటరిగా గాలిమర, పక్కనుంచి అమ్మమ్మ నోట్లో పెడుతున్న ముద్ద. సెయింట్ లూయిస్ దగ్గర మిసిసిపి దాటుతుంటే ఆవిడ సీట్లోంచి సగం లేచి "మిస్సోరి వచ్చి దీంట్లో కలిసేది ఇక్కడే, ఇటుపక్కే!" అని గొడుగుతో చూపించబోయి కారు కప్పుకి చిల్లు పెట్టినంత పని చేసింది. పక్క కార్ల నంబర్ ప్లేట్లు చూసి రాష్ట్రం పేరు చెప్పడం మా ఆట, ఆవిడొచ్చాక ముఖ్యపట్టణం కూడా చెప్పాల్సి వచ్చింది. ఒక పెట్రోల్ బంకులో పనిచేసే అబ్బాయిని ఏ రాష్ట్రమో అడిగి, వాళ్ళ రాజధాని వాడికి ఆవిడే చెప్పింది.

రెండోరోజు మిస్సోరిలో దెబ్బతిన్నాం. అక్కడ రోడ్డు పొడుగునా ఏదో గుహ గురించి మైలుకొక బోర్డు. టీచరు కదా, అక్షరం కనపడితే పైకి చదవకుండా ఉండలేదు, అన్ని బోర్డులూ చదివింది. నాన్న అది విని "అత్తయ్యగారికి గుహ చూడాలనుందేమో అడుగు," అన్నాడు అద్దంతో. అడిగాను. "అల్లుడుగారి ఇష్టం," అంది నా చెవిలో. చెప్పాను. "ఆవిడ ఇష్టమే నా ఇష్టం అని చెప్పు," అన్నాడు. చెప్పాను. "పాపం ఆయన మనసుపడ్డట్టున్నారు, సరే అను," అంది. అన్నాను. ఒక్క అక్షరం మార్చకుండా అంతా బుద్ధిగా అప్పజెప్పాను. దాని ఫలితం, మోకాళ్ళ నొప్పుల అమ్మమ్మా, నేల కింద ఊపిరాడని నాన్నా చలిలో ఆ చీకటి గుహలో మూడు గంటలు ఒకరికోసం ఒకరు నడిచారు. బయటికొచ్చాక ఇద్దరూ నా ద్వారా ఎంత బాగుందో ఒకరికొకరు చెప్పుకున్నారు. సగం రోజు పోయింది, గ్రాఫ్ కాగితం మీద నాన్న కొట్టివేతలు మొదలయ్యాయి. ఉన్నదున్నట్టు చెబితే ఎంత నష్టమో నాకు ఆ రోజే తెలిసింది.

ఆ తర్వాత భూమి రంగు మారిపోయింది. ఓక్లహోమాలో ఎర్రమట్టి, టెక్సస్‌లో చెట్టన్నది లేని గోధుమరంగు బయలు, న్యూ మెక్సికోలో కత్తితో పైభాగం కోసేసినట్టున్న బల్లపరుపు కొండలు, సాయంత్రం వాటి పక్కలు గులాబీరంగై, ఊదారంగై, ఆఖరికి నల్లబడేదాకా నేనూ అమ్మమ్మా ఒకే కిటికీకి ముక్కులు ఆనించి చూశాం. నాకు ఈ దేశం మీద ప్రేమ పుట్టింది ఆ సాయంత్రమే అనుకుంటాను. నాన్న కూడా ఒకసారి తల తిప్పి చూసి "పార్కింగ్ లేదు," అన్నాడు.

కాన్యన్ దగ్గరికి ఇరవై తొమ్మిదిన పదకొండింటికి చేరాం. మూడింటికల్లా కదిలితే, దారిలో ఎక్కడా ఎక్కువసేపు నిలవకుండా తోలితే, ముప్పై ఒకటి సాయంత్రానికి ఎలాగో బేస్‌మెంట్‌లో ఉండొచ్చని నాన్న తేల్చాడు. అమ్మమ్మ కారు అద్దంలో చూసుకుని బొట్టులేని నుదుటిమీద జుట్టు దువ్వుకుంది, కొంగు సర్దుకుంది, ఎవరింటికో పెళ్ళిచూపులకి వెళ్తున్నట్టు గొడుగు పుచ్చుకుని దిగింది. రెయిలింగ్ దాకా వెళ్ళాం. అవతల ఏమీ లేదు. లోయ నిండా పొగమంచు. అటూ ఇటూ పైనా కిందా తెలుపు, రెయిలింగ్‌కి రెండడుగుల అవతల ఒక పైన్ కొమ్మ, అంతే. ఇంకో నిమిషం చూస్తే పోతుందేమోనని చూశాం. పన్నెండైంది, ఒంటిగంటైంది. పార్క్ యూనిఫామ్ వేసుకున్నాయన వచ్చి చలికాలంలో అప్పుడప్పుడూ ఇంతేనని, ఇవ్వాళ తేలిక కాదని, రేపు చూడమని చెప్పి వెళ్ళాడు. నాన్న మమ్మల్ని ఆ తెలుపు ముందే నిలబెట్టి నాలుగు ఫొటోలు తీశాడు. అవి చూసిన బాపట్ల బంధువులు ఏ స్టూడియోలో తీయించుకున్నారని ఉత్తరం రాశారు.

అమ్మా నాన్నా చలికి తాళలేక కార్లో కూర్చున్నారు. అమ్మమ్మ అంచున బెంచీ మీద, పక్కన నేను. అటువైపు ఇంకో బెంచీ మీద దొర దంపతులు, ముసలివాళ్ళు, థర్మాస్ పట్టుకుని దిగులుగా కూర్చున్నారు. ఉన్నట్టుండి అమ్మమ్మ లేచింది. గొడుగు ఎత్తి, దాని కొసని పొగమంచులోకి చాపింది.

"ఇది అగాధదరి," అంది క్లాసు గొంతుతో. "కొలరాడో నది లక్షల ఏళ్ళుగా కోసుకుంటూ పోయిన లోయ. మనం దక్షిణపు అంచున ఉన్నాం. ఎదురుగా ఉత్తరపు అంచు. ఇదిగో ఇక్కడ పైన సున్నపురాయి, దానికింద ఇసుకరాయి, మరీ అడుగున నల్లరాయి. నది ఇట్టా తూర్పునించి వచ్చి, ఇట్టా పడమరకి పోతుంది. వెనక బెంచీ, వినపడుతోందా?"

వెనక బెంచీ దొరసాని ఏం చెబుతోందని నన్నడిగింది. నాకు అర్థమైనంత ఇంగ్లీషులో చెప్పాను. వాళ్ళిద్దరూ దగ్గరికొచ్చి నిలబడి, గొడుగు ఎటు తిరిగితే అటు తల తిప్పుతూ, ఆ తెలుపులో ఏదో కనపడుతున్నట్టే తలలూపారు. పాఠం అయ్యాక చప్పట్లు కొట్టారు. అమ్మమ్మ నవ్వి, వాళ్ళు వెళ్ళాక బెంచీ మీద కూలబడింది.

"ముప్పై రెండేళ్ళు చూడకుండానే చెప్పానా," అంది నాతో, చాలా మెల్లగా. "ఇక్కడిదాకా వచ్చి కూడా చూడకుండానే చెప్పానే."

మూడు కావస్తోంది. నాన్న కారు దిగి, దూరంనుంచి గడియారం చూపించి నన్ను పిలిచాడు. "ఏం చేద్దామో అత్తయ్యగారిని కనుక్కో." నేను వెనక్కి పరిగెత్తాను. అమ్మమ్మ మొహం పక్కకి తిప్పుకుని అంది, "పోదామని చెప్పు. ఆయన పాపం ఆ కిందగది ప్రార్థన కోసం ఎంత ఆరాటపడుతున్నారో. చూసినట్టే అనుకుంటాను. పో, చెప్పు."

బెంచీ నుంచి కారుకి యాభై అడుగులు ఉంటుందేమో. ఆ యాభై అడుగుల్లో నాకు ఏడుపొచ్చింది. జనవరి చివర ఆవిడ టికెట్టు. మళ్ళీ వస్తుందా, మళ్ళీ నాన్నకి సెలవు దొరుకుతుందా, దొరికినా ఇద్దరూ 'మీ ఇష్టం' అంటే 'మీ ఇష్టం' అనుకుంటూ ఏ గుహలో పడతారో! గుండె గట్టి చేసుకున్నాను.

"నాన్నా, అమ్మమ్మ చెప్తుంది, తను రాదు. కాన్యన్ చూసేదాకా ఇక్కడే కూర్చుంటుంది."

నాన్న మొహంలో రక్తం లేదు. పెళ్ళయిన పన్నెండేళ్ళలో అత్తగారు ఆయన్ని మంచినీళ్ళు కూడా అడిగి ఎరగదు. "అట్లా అన్నారా?"

"అన్నది."

"కోపంగా అన్నారా?"

"కొంచెం," అన్నాను.

ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. టైరుని ఒక తన్ను తన్నాడు. తర్వాత జేబులో చిల్లర తడుముకుంటూ పే ఫోన్ వైపు నడిచాడు. నోవైలో ఒక అంకుల్‌కి ఫోన్ చేసి, ప్రార్థన మీ ఇంట్లో పెట్టుకోండి బ్రదర్, మేం అందుకోలేం అని చెప్పడం విన్నాను. చప్పట్ల దీపం సంగతి చెప్పలేదు. తిరిగొచ్చి "సరే, రేపటిదాకా ఉందామని చెప్పు," అన్నాడు నేలచూపులు చూస్తూ.

మళ్ళీ యాభై అడుగులు. "అమ్మమ్మా, నాన్న చెప్తున్నాడు, నువ్వు చూడకుండా తను వెళ్ళడట." ఆవిడ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచింది. చాలాసేపు తుడిచింది. "అల్లుడంటే అట్టా ఉండాలి," అంది.

మర్నాడు పొద్దున పొగమంచు లేదు. ఎండ వచ్చి ఇంకా గంట కాలేదు. అమ్మ మమ్మల్ని తొందరపెట్టింది, అందరికంటే ముందు నాన్న కెమెరా మెడలో వేసుకుని పరిగెత్తాడు. నేనూ అమ్మమ్మా మెల్లగా నడిచి నిన్నటి బెంచీ దగ్గరికి చేరేసరికి ఆయన అప్పటికే రెయిలింగ్‌కి వీపు ఆనించి, చేతులు రెండూ బార్లా చాపి, ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో కొలుస్తున్నాడు. అమ్మమ్మ కూర్చుంది. తల ఇటు వంచింది, అటు వంచింది. ఆవిడకి కనపడుతున్నదల్లా మా నాన్న గళ్ళ కోటు.

అప్పుడు విన్నాను ఆ గొంతు. యాభైమంది పిల్లల్ని గీత గీసినట్టు కూర్చోబెట్టిన గొంతు.

"అల్లుడుగారూ! కాస్త పక్కకి జరగండి. కనపడటం లేదు."

పైన్ చెట్టు మీది కాకి ఎగిరిపోయింది. అమ్మ నిద్రమత్తు దిగిపోయింది. నాన్న చేతులు చాపినవి చాపినట్టే ఉండిపోయాయి. ఆయన మెల్లగా నావైపు తిరిగి అడిగాడు.

"ఏమంటున్నారు?"

"పక్కకి జరగమంది," అన్నాను. ఈసారి ఒక్క ముక్క మార్చలేదు.

ఆయన జరిగాడు.

ఏముంది చెప్పడానికి? ఎరుపూ, గోధుమా, లేత ఊదా, పొర మీద పొర, ఎక్కడో అడుగున దారప్పోగంత నది, ఎండ పడ్డచోట బంగారం, పడనిచోట నీలం. ఆ నల్లటి అగ్గిపెట్టె బొమ్మలో ఇన్ని రంగులుంటాయని ముప్పై రెండు బ్యాచీలలో ఎవరికీ తెలియదు, చెప్పిన టీచరుకీ తెలియదు. గొడుగు ఒళ్ళోనే ఉంది, ఆవిడ దాన్ని ఎత్తలేదు. పెదవులు మాత్రం కదిలాయి, పాఠమో ప్రార్థనో నాకు తెలియదు. నాన్న ఆ పూట ఒక్కటే ఫొటో తీశాడు, జీవితంలో మొదటిసారి అందులో ఎవరూ లేరు.

మధ్యాహ్నం భోజనాల వేళకి నా ఉద్యోగం మళ్ళీ నాకొచ్చింది. పెరుగన్నం ఇంకాస్త వేసుకోమని అల్లుడికి చెప్పమంది. చెప్పాను. ముప్పై ఒకటి సాయంత్రం ఓక్లహోమా మోటెల్లో నలుగురమే ప్రార్థన చేసుకున్నాం. ఆ దీపం పన్నెండు కుటుంబాలూ చూసేసరికి ఈస్టర్ అయింది. అప్పటికి అది చప్పట్లకి కాకుండా తుమ్ములకి మాత్రమే వెలగడం మొదలుపెట్టింది.

అమ్మమ్మ పోయి ఇరవై ఏళ్ళు దాటింది. అమ్మా నాన్నా ఇప్పుడు మా దగ్గరే ఉంటారు, మా ఇంట్లో ఎవరికీ మధ్యవర్తి అక్కర్లేదు. మా ఆయనా, మా అమ్మా థర్మోస్టాట్ గురించి మొహం మీదే పోట్లాడుకుంటారు, మా అమ్మాయి తాతయ్యకి నేరుగా మెసేజ్ పెడుతుంది. మంచిదే. కారులో ముందు సీటుకీ వెనక సీటుకీ మధ్య అన్ని మర్యాదలు పట్టిన ఆ రోజులు మాత్రం ఇక రావు, ఆ ఉద్యోగంలో నాకున్నంత పలుకుబడి మళ్ళీ ఏ ఉద్యోగంలోనూ రాలేదు.

కూలర్ దొరికిన రోజు నాన్న గరాజ్‌లోనే మడత కుర్చీలో కూర్చుని ఏవి పారెయ్యకూడదో చెబుతున్నాడు. ఎనభై మూడేళ్ళు. పోయినేడు డాక్టర్ చెబితే ఆయన కారు తాళాలు నేనే తీసేసుకున్నాను. అప్పుడు కూడా "మా అత్తయ్యగారంతటావిడ మెచ్చుకున్న డ్రైవింగే నాది," అని రెండురోజులు అలిగాడు. నలభై ఏళ్ళుగా ప్రతి పార్టీలో, ప్రతి స్పీడింగ్ టికెట్ తర్వాతా విన్న మాటే. ఆ వాసన మహిమో ఏమో, ఆరోజు నాకు నోరాగలేదు. కాన్యన్ దగ్గర అమ్మమ్మ వెళ్ళిపోదామనే చెప్పిందని, ఆ మాట నేనే మార్చానని చెప్పేశాను.

ఆయన కుర్చీలో ముందుకి వంగాడు. "అంటే ఆ బేస్‌మెంట్ ప్రార్థన... నీ మాట మీద వదులుకున్నానా?" అన్నాడు. తర్వాత నవ్వాడు, కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వాడు. "దొంగ పిల్లా! మంచి పని చేశావులే." కూలర్ మూత మీద చేత్తో రాస్తూ కూర్చున్నాడు. ఉన్నట్టుండి ఆ చెయ్యి ఆగింది. తల ఎత్తి, ఖాళీ డ్రైవ్‌వే వైపు ఒకసారి చూసి, నావైపు చూశాడు.

"మరి నా డ్రైవింగ్ బాగుందన్న మాట? అది ఆవిడే అన్నారుగా?"

"అది అమ్మమ్మే అంది నాన్నా," అన్నాను. "నా చెవిలో చెప్పింది."